బ్లాక్ హోల్ ఎలా పుడుతుంది? నక్షత్రాన్ని నిలబెట్టేది ఏదీ మిగలనప్పుడు

మీరు అడిగినవి నాలుగు. నక్షత్రం బ్లాక్ హోల్‌గా ఎలా మారుతుంది, అది చుట్టుపక్కల ఉన్నవన్నీ మింగుతూ పోతుందా, వెలుతురే బయటికి రానప్పుడు అది ఉందని ఎలా తెలిసింది, లోపల ఏముంటుంది. మీ అమ్మాయి ఇంటర్ ఎంపీసీ కాబట్టి లెక్కలు తక్కువైనా పర్లేదు, విషయం మాత్రం సరిగ్గా ఉండాలన్నారు. ఫిజిక్స్ చెప్పడమే నా పని, ఈ నాలుగూ క్లాసులో ఎప్పుడూ వచ్చేవే. అయితే దాదాపు అందరూ రెండో ప్రశ్నతో మొదలుపెట్టి అక్కడే దారి తప్పుతారు. బ్లాక్ హోల్ ఎందుకంతలా లాగుతుంది అని అడిగే ముందు, మామూలు నక్షత్రం తన బరువుకి తానే ఎందుకు కూలిపోవడం లేదు అని అడగాలి. దానికి జవాబు తెలిస్తే మిగతాది దానంతట అదే వస్తుంది.

సూర్యుణ్ణే తీసుకోండి. సుమారు 13 లక్షల భూములు పట్టేంత వాయుగోళం, ప్రతి పొరా తన కింది పొర మీద బరువు మోపుతోంది. అడ్డుకునేది ఏమీ లేకపోతే ఆ గోళం మొత్తం అరగంటలో మధ్యలోకి కూలిపోతుంది, ఇది లెక్కేసి చెప్పగలిగిన విషయమే. అలాంటిది 460 కోట్ల ఏళ్లుగా నిలబడి ఉందంటే లోపలి వేడి వల్ల. నడిమధ్యలో కోటిన్నర డిగ్రీలు, అక్కడ హైడ్రోజన్ హీలియంగా మారుతూ శక్తి పుడుతూ ఉంటుంది, ఆ వేడికి వాయువు బయటికి నెడుతుంది, బరువు లోపలికి నొక్కుతుంది, రెండూ సరిసమానంగా ఉన్నంతకాలం నక్షత్రం కదలకుండా ఉంటుంది. ఇంధనం ఎప్పటికైనా అయిపోతుంది, గురుత్వాకర్షణ మాత్రం ఎప్పటికీ అయిపోదు. నక్షత్రాల చావు గురించి తెలుసుకోవాల్సిందంతా ఈ ఒక్క తేడాలోంచే వస్తుంది.

సూర్యుడు బ్లాక్ హోల్ అవుతాడా అని మీ అమ్మాయి అడిగిందట కదా, అవడు. ఇంకో 500 కోట్ల ఏళ్లకు ఉబ్బి ఎర్రబడి, పై పొరలు వదిలేసి, చివరికి భూమి అంత సైజు గోళంగా మిగులుతాడు, దాన్ని వైట్ డ్వార్ఫ్ అంటాం. అందులో ఇక మంట లేదు. అయినా కూలదు, ఎందుకంటే ఈసారి నిలబెట్టేది వేడి కాదు, ఎలక్ట్రాన్లు. రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండకూడదన్న పౌలీ నియమం మీ అమ్మాయి కెమిస్ట్రీలో చదివే ఉంటుంది, ఆర్బిటాళ్లు నింపేటప్పుడు వాడేది. అదే నియమం ఇక్కడ ఒక నక్షత్రం బరువు మోస్తుంది. దగ్గరికి నొక్కేకొద్దీ ఎలక్ట్రాన్లు మరింత వేగంగా కదలక తప్పదు, ఆ కదలికే ఒత్తిడి. గోళం చల్లబడి గడ్డకట్టినా ఈ ఒత్తిడి పోదు.

ఇక్కడే 19 ఏళ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ వస్తాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువు ముగించి 1930 జులై 31న బొంబాయిలో ఓడెక్కాడు, కేంబ్రిడ్జికి. ఆ ప్రయాణంలో ఆయన వేసిన లెక్క సారాంశం ఇది: గోళం ఎంత బరువుంటే ఎలక్ట్రాన్లు అంత వేగంగా పోవాలి, కానీ కాంతి వేగం దాటడానికి వీల్లేదు కదా, ఆ హద్దు దగ్గరపడేకొద్దీ వాటి ఒత్తిడి పెరగాల్సినంతగా పెరగదు, ఒక బరువు దాటాక ఎలక్ట్రాన్లు చేతులెత్తేస్తాయి. ఆ బరువు సూర్యుడి కంటే సుమారు 1.4 రెట్లు. ఇప్పుడు దీన్ని చంద్రశేఖర్ పరిమితి అంటాం. 1935 జనవరిలో లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ముందు ఆయన దీన్ని వివరించగానే, అప్పటి పెద్ద శాస్త్రవేత్త ఎడింగ్టన్ లేచి, నక్షత్రం ఇంత అసంబద్ధంగా ప్రవర్తించకుండా ఆపే నియమం ప్రకృతిలో ఏదో ఉండే తీరాలని కొట్టిపారేశాడు. ఎడింగ్టన్‌కి లెక్క అర్థం కాక కాదు, ఆ లెక్క ఎక్కడికి తీసుకెళ్తుందో అందరికంటే బాగా అర్థమైంది, ఆ చివరను ఒప్పుకోలేకపోయాడు. చంద్రశేఖర్‌కి నోబెల్ 1983లో వచ్చింది. ఆ రోజు ఆయన మాట విని ఉంటే ఈ శాస్త్రం ఇంకో ఇరవై ఏళ్లు ముందుండేదని నా అభిప్రాయం.

సరే, ఇప్పుడు పెద్ద నక్షత్రాలు. సూర్యుడికి 25 రెట్లు బరువున్నదాన్ని తీసుకుందాం. పెద్దది కాబట్టి ఎక్కువకాలం బతుకుతుందనుకుంటారు, జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. బరువు ఎక్కువైతే లోపల వేడి ఎక్కువ, వేడి ఎక్కువైతే ఇంధనం ఖర్చయ్యే వేగం ఇంకా ఎక్కువ. హైడ్రోజన్ 70 లక్షల ఏళ్లు వస్తుంది. అది అయ్యాక మధ్యభాగం కుంచించుకుని ఇంకా వేడెక్కి హీలియం మండుతుంది, అది కొన్ని లక్షల ఏళ్లు. తర్వాత కార్బన్, అది కొన్ని వందల ఏళ్లే. నియాన్ ఏడాది, ఆక్సిజన్ కొన్ని నెలలు, చివరికి సిలికాన్, ఇది దాదాపు ఒక్క రోజు. సిలికాన్ మండి ఇనుము వస్తుంది. ఇనుము దగ్గర ఆట ఆగిపోతుంది, ఎందుకంటే కేంద్రకాలన్నింటిలో చాలా గట్టిగా కట్టుబడి ఉన్న గుంపులో ఇనుము ఉంది, దాన్ని కలిపినా శక్తి రాదు, పగలగొట్టినా రాదు, ఏం చేసినా మనమే శక్తి పెట్టాలి.

ఒక్క రోజులో పేరుకున్న ఆ ఇనుప ముద్దను మోస్తున్నది మళ్లీ ఎలక్ట్రాన్లే. ముద్ద పెరిగి పెరిగి సుమారు 1.4 సూర్యుల బరువుకి చేరగానే చంద్రశేఖర్ చెప్పింది జరుగుతుంది. ఎలక్ట్రాన్లు ప్రోటాన్లలోకి దూరిపోయి న్యూట్రాన్లు అవుతాయి, మోసేవాళ్లే మాయమవుతారు. దాదాపు భూమి అంత సైజున్న ముద్ద సెకను కూడా పట్టకుండా కొన్ని పదుల కిలోమీటర్లకు కూలిపోతుంది, లోపలికి పడే వేగం కాంతి వేగంలో నాలుగో వంతు దాకా ఉంటుంది. నక్షత్రం పైభాగానికి ఈ సంగతి ఇంకా తెలియదు కూడా, పైన అంతా మామూలుగా వెలుగుతూనే ఉంటుంది.

ఆ తర్వాత రెండు దారులు. న్యూట్రాన్లు కూడా ఎలక్ట్రాన్ల లాగే ఒకదాని మీద ఒకటి పడవు, పైగా మరీ దగ్గరైతే కేంద్రక బలం వికర్షిస్తుంది. కాబట్టి కూలుతున్న ముద్ద అక్కడ ఆగి వెనక్కి తన్నొచ్చు, న్యూట్రినోలనే అతి తేలికైన కణాల సాయంతో పై పొరలు పేలిపోవచ్చు, అదే సూపర్‌నోవా, మధ్యలో పది పన్నెండు కిలోమీటర్ల వ్యాసార్థంతో న్యూట్రాన్ నక్షత్రం మిగులుతుంది. లేదా ఆ తన్ను చాలకపోవచ్చు, పై పొరలు మళ్లీ మీద పడొచ్చు. న్యూట్రాన్ నక్షత్రానికి కూడా ఒక పరిమితి ఉంది, 1939లో ఓపెన్‌హైమర్, వోల్కాఫ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు దానికి లెక్క మొదలుపెట్టారు, ఇప్పటి అంచనాల ప్రకారం అది రెండు, రెండున్నర సూర్యుల మధ్య ఎక్కడో ఉంటుంది. అది దాటితే నిలబెట్టడానికి ఇంకేమీ లేదు.

చాలా పుస్తకాలు ఇక్కడ గబగబా దాటేస్తాయి కాబట్టి కాస్త ఆగుతాను. న్యూట్రాన్ల కంటే గట్టిది ఏదో ఇంకా లోపల ఉండొచ్చు కదా, అది ఆపదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో ద్రవ్యరాశి ఒక్కటే గురుత్వాకర్షణ పుట్టించదు, ఒత్తిడి కూడా పుట్టిస్తుంది. మామూలుగా ఆ భాగం ఎంత చిన్నదంటే లెక్కలోకే రాదు. న్యూట్రాన్ నక్షత్రం లోపల మాత్రం ఒత్తిడి లెక్కలోకి తీసుకోక తప్పనంత పెద్దది. అంటే బరువును ఆపడానికి ఎంత గట్టిగా బయటికి నెడితే, ఆ నెట్టుడే ఇంకాస్త బరువై కూర్చుంటుంది. ఒక హద్దు దాటాక ఆపాలని చేసే ప్రయత్నమే కూలడాన్ని తొందరపెడుతుంది. కొత్త పదార్థం, కొత్త బలం ఏది కనిపెట్టినా, అది కాంతి వేగం నియమానికి లోబడి ఉన్నంతవరకు, ఈ చిక్కులోంచి బయటపడలేదు. బ్లాక్ హోల్స్ తప్పనిసరి కావడానికి అసలు కారణం నా దృష్టిలో ఇదే.

ఎంత బరువున్న నక్షత్రం ఏ దారి పడుతుందంటే, సుమారుగా సూర్యుడికి 8 రెట్ల నుంచి 20 రెట్ల దాకా ఉన్నవి న్యూట్రాన్ నక్షత్రాలు, అంతకు పైన చాలావరకు బ్లాక్ హోల్స్. ఇది గీత గీసినట్టు ఉండదు. పుట్టినప్పటి బరువు ఒకటే సరిపోదు, చివరిదాకా ఎంత మిగిలిందనేది ముఖ్యం, ఎందుకంటే పెద్ద నక్షత్రాల నుంచి గాలిలా పదార్థం కొట్టుకుపోతూ ఉంటుంది, నక్షత్రంలో హీలియం కంటే బరువైన మూలకాలు ఎక్కువుంటే ఇంకా ఎక్కువ పోతుంది. మన ఆర్ద్రా నక్షత్రం, ఆర్ద్ర కార్తె పేరు దాని మీదే ఉంది, ఇంగ్లీషులో బీటిల్‌జూస్ అంటారు, అది ఎప్పటికైనా పేలేదే. చాలా వీడియోల్లో అది బ్లాక్ హోల్ అవుతుందని చెప్పేస్తుంటారు, దాని బరువు అంచనాలను బట్టి చూస్తే న్యూట్రాన్ నక్షత్రం అయ్యే అవకాశమే ఎక్కువ. కొన్ని నక్షత్రాలైతే పేలకుండానే నేరుగా కూలిపోతాయని కూడా అనుకుంటున్నాం. ఎన్‌జీసీ 6946 అనే గెలాక్సీలో సుమారు 25 సూర్యుల బరువున్న ఒక నక్షత్రం 2009లో కాస్త వెలిగి తర్వాత మామూలు కాంతిలో కనబడకుండా పోయింది, జేమ్స్ వెబ్ టెలిస్కోపుకి అక్కడ కొంత పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతి కనిపించింది కాబట్టి దాని మీద వాదన ఇంకా నడుస్తోంది.

ఎంత కూలితే బ్లాక్ హోల్ అయినట్టు? దీనికి ఇంటర్ లెక్క చాలు. పలాయన వేగం, అంటే తిరిగి పడకుండా తప్పించుకుపోవడానికి కావాల్సిన వేగం, దాని సూత్రం తెలుసు కదా, భూమికి సెకనుకు 11.2 కిలోమీటర్లు, సూర్యుడి ఉపరితలం మీద సుమారు 618. ఆ సూత్రంలో వేగం బదులు కాంతి వేగం పెట్టి వ్యాసార్థం కట్టమనండి. సూర్యుడికి సుమారు 3 కిలోమీటర్లు వస్తుంది, భూమికి 9 మిల్లీమీటర్లు. 10 సూర్యుల బరువుకి 30 కిలోమీటర్లు, బరువు ఎన్ని రెట్లయితే వ్యాసార్థం అన్ని రెట్లు. ఇంగ్లండులో జాన్ మిచెల్ 1783లోనే న్యూటన్ లెక్కతో ఇలాంటి చీకటి నక్షత్రాల గురించి రాశాడు. 1915 చివర్లో, మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సరిహద్దున ఉన్న జర్మన్ సైనికుడు కార్ల్ స్వార్జ్‌షీల్డ్ ఐన్‌స్టీన్ సమీకరణాలకు మొదటి కచ్చితమైన పరిష్కారం కనుక్కున్నాడు, అందులోనూ ఇదే వ్యాసార్థం వచ్చింది. కొన్ని నెలలకే, 1916 మేలో జబ్బు చేసి చనిపోయాడు.

రెండు లెక్కల్లో అంకె ఒకటే అయినా అర్థం వేరు. న్యూటన్ లెక్కలో కాంతి కొంత పైకి లేచి రాయిలా తిరిగి పడుతుంది. ఐన్‌స్టీన్ లెక్కలో అసలు పైకి లేవదు. ఇది అర్థం కావడానికి క్లాసులో నేను వాడేది గోదావరి. స్థలమే లోపలికి ప్రవాహంలా పారుతోందనుకోండి, మధ్యకు వెళ్లేకొద్దీ వేగం పెరుగుతుంది. ఈతగాడు ఎంత గొప్పవాడైనా అతని వేగానికి ఒక హద్దుంది, కాంతికి ఉన్నట్టే. దూరంగా ఉన్నంతవరకు ఎదురీది ఒడ్డుకి రావచ్చు. ప్రవాహం వేగం అతని వేగంతో సమానమైన చోట ఎంత ఈదినా అక్కడే ఉంటాడు, అది దాటితే ఎగువకు ఈదుతూనే దిగువకు కొట్టుకుపోతాడు. ఆ సమానమైన చోటే ఈవెంట్ హొరైజన్. అక్కడ గోడ లేదు, పొర లేదు, నీళ్లలో గీత లేదు, దాటినవాడికి దాటినట్టే తెలియదు. మరి బయటి నుంచి చూసేవాళ్లకి కూలుతున్న నక్షత్రం ఎలా కనబడుతుందంటే, అంచు దగ్గరపడేకొద్దీ నెమ్మదించి, ఎర్రబడి, ఆగిపోయినట్టుంటుంది, ఓపెన్‌హైమర్, స్నైడర్ 1939లో చూపించింది ఇదే. ఆ ఆగిపోయిన బొమ్మ అక్కడే వేలాడుతుందనుకోవద్దు, పది సూర్యుల నక్షత్రానికి అది మిల్లీసెకన్లలోనే నల్లబడిపోతుంది.

ఇప్పుడు మింగడం సంగతి. 2022లో గాయా బీహెచ్1 అనే బ్లాక్ హోల్ బయటపడింది, సుమారు 1,560 కాంతి సంవత్సరాల దూరం, ఇప్పటివరకు తెలిసినవాటిలో మనకు దగ్గరిది ఇదే. బరువు 9.6 సూర్యులు. దాని చుట్టూ మన సూర్యుడి లాంటి నక్షత్రం ఒకటి 186 రోజులకు ఒకసారి తిరుగుతోంది, మధ్య దూరం భూమికి సూర్యుడికి ఉన్న దూరం కంటే కొంచెం ఎక్కువ, అంతే. అంత దగ్గర ఉండి కూడా దాన్నేమీ పీల్చేయడం లేదు. దూరం నుంచి చూస్తే బ్లాక్ హోల్ ఆకర్షణకీ అంతే బరువున్న నక్షత్రం ఆకర్షణకీ ఏ తేడా లేదు. ఈ క్షణం సూర్యుడి స్థానంలో అంతే బరువున్న బ్లాక్ హోల్ పెడితే భూమి కక్ష్య మిల్లీమీటరు కూడా మారదు, మనం చలికి చచ్చిపోతాం, అది వేరే సంగతి. తేడా అంతా దగ్గరికి వెళ్లడంలో ఉంది. సూర్యుడి దగ్గరికి ఏడు లక్షల కిలోమీటర్ల కంటే వెళ్లలేం, ఉపరితలం అడ్డొస్తుంది. బ్లాక్ హోల్‌కి అడ్డం లేదు, కొన్ని కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చు, అక్కడే విపరీతాలన్నీ. హొరైజన్ వ్యాసార్థానికి మూడు రెట్ల లోపలికి వెళ్తే, తిరగని బ్లాక్ హోల్ చుట్టూ నిలకడైన కక్ష్య అంటూ ఉండదు. దానికి బయట ఉన్నదేదైనా తిరుగుతూనే ఉండగలదు.

"భూమిని మింగడానికి దూసుకొస్తున్న బ్లాక్ హోల్" అనే థంబ్‌నెయిళ్లు చూసి పిల్లలు నిజంగా భయపడుతున్నారు, నా దగ్గరికి వచ్చి అడిగినవాళ్లు ఉన్నారు. పాలపుంతలో పది కోట్ల దాకా బ్లాక్ హోల్స్ ఉండొచ్చని అంచనా, చాలావరకు ఒంటరిగా, దేన్నీ తాకకుండా తిరుగుతుంటాయి. సౌరకుటుంబం దగ్గరికి ఏదైనా వస్తే గ్రహాల కదలికలు చాలా ముందుగానే చెప్పేస్తాయి, అలాంటిదేమీ లేదు. 2008 సెప్టెంబరులో జెనీవా దగ్గర కణాలను ఢీకొట్టించే పెద్ద యాక్సిలరేటర్ మొదలుపెట్టినప్పుడు కూడా, అందులో బ్లాక్ హోల్ పుట్టి భూమిని మింగేస్తుందని ఇలాంటి టెన్షనే. దానికంటే ఎన్నో రెట్లు శక్తి ఉన్న కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి వచ్చే కణాలు, కోట్ల ఏళ్లుగా మన వాతావరణాన్ని కొడుతూనే ఉన్నాయి, భూమికి ఏమీ కాలేదు. పిల్లలకు ఈ మాట ఓపిగ్గా చెప్పండి.

కనబడనిదాన్ని ఎలా పట్టుకున్నారు? పక్కనున్నవాటిని చూసి. సిగ్నస్ ఎక్స్-1 మొదటిది. 1964లో ఒక రాకెట్ ప్రయోగంలో ఎక్స్-రేలు వెదజల్లే చోటుగా దొరికింది, 1970ల మొదట్లో అక్కడ ఒక నీలి మహానక్షత్రం 5.6 రోజులకు ఒకసారి కనబడని దేని చుట్టూనో తిరుగుతోందని తేలింది. ఆ కనబడనిదాని బరువు ఇప్పటి లెక్కలో 21 సూర్యులు. న్యూట్రాన్ నక్షత్రం అంత బరువు మోయలేదని పైన చెప్పుకున్నాం కదా, ఆ వాదనే ఇక్కడ సాక్ష్యం. మరి ఎక్స్-రేలు ఎక్కడివంటే, నీలి నక్షత్రం నుంచి వచ్చే వాయువు నేరుగా లోపలికి పడదు, చుట్టూ తిరుగుతూ పళ్లెంలా పరుచుకుంటుంది, ఒరుసుకుని లక్షల డిగ్రీలు వేడెక్కుతుంది. హైడ్రోజన్ కలిసి హీలియం అయ్యేటప్పుడు ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తిగా మారుతుంది, బ్లాక్ హోల్‌లోకి పడే పదార్థం 6 శాతం నుంచి, బాగా వేగంగా తిరిగే బ్లాక్ హోల్ అయితే 40 శాతం దాకా వెలుతురుగా వదిలేయగలదు. విశ్వంలో అన్నింటికంటే ప్రకాశంగా ఉన్న వస్తువులు బ్లాక్ హోల్స్ చుట్టూనే ఉండడానికి కారణం ఇది. శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న వెళ్లిన ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న వెళ్లిన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాలు ఇలాంటి ఎక్స్-రేలనే చదువుతాయి.

రెండో సాక్ష్యం మన పాలపుంత నడిమధ్యలో. వర్షాకాలం ముందు రాత్రుళ్లు దక్షిణం వైపు వృశ్చికం తోక, అంటే మూలా నక్షత్రం కనబడుతుంది చూడండి, దానికి కొంచెం తూర్పుగా ఆ దిక్కు. సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో, ధూళి వెనక. ఖగోళ శాస్త్రవేత్తలు ఆండ్రియా గెజ్, రైన్‌హార్డ్ గెంజెల్‌ల బృందాలు 1990ల నుంచి పరారుణంలో అక్కడి నక్షత్రాలను ఏళ్ల తరబడి గమనించాయి. ఎస్2 అనే నక్షత్రం 16 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది, 2018 మేలో దగ్గరగా వచ్చినప్పుడు దాని వేగం సెకనుకు 7,600 కిలోమీటర్ల పైన. కెప్లర్ నియమంలో ఈ అంకెలు వేస్తే మధ్యలో 40 లక్షలకు పైగా సూర్యుల బరువు వస్తుంది, ఆ చోట నక్షత్రాల గుంపేమీ లేదు. దానికి 2020లో నోబెల్ వచ్చింది, సగం వీళ్లిద్దరికీ, సగం రోజర్ పెన్‌రోజ్‌కి, బ్లాక్ హోల్స్ ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి తప్పని ఫలితమని 1965లో నిరూపించినందుకు. పెన్‌రోజ్, హాకింగ్ నిరూపణలకు కోల్‌కతాలో అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో అచ్చువేసిన సమీకరణం ఆధారం, మన పాఠాల్లో ఆయన పేరు కనబడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఫొటోలు మీరు చూసే ఉంటారు. 2019 ఏప్రిల్ 10న విడుదలైనది ఎం87 గెలాక్సీలోది, 650 కోట్ల సూర్యుల బరువు, 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. 2022 మే 12న మన పాలపుంతలోది వచ్చింది. అవి 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాలతో తీసినవి, నారింజ రంగు తర్వాత వేసింది. మధ్యలో కనబడే చీకటి హొరైజన్ కంటే రెండున్నర రెట్లు పెద్దది, చుట్టుపక్కల కాంతి వంగి లోపలికి పోవడం వల్ల పడే నీడ అది.

అన్నింటికంటే గట్టి సాక్ష్యం మాత్రం 2015 సెప్టెంబరు 14న వచ్చింది. 36, 29 సూర్యుల బరువున్న రెండు బ్లాక్ హోల్స్ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి కలిసిపోయాయి, మిగిలింది 62. తగ్గిన మూడు సూర్యుల బరువు సెకనులో ఐదో వంతులో గురుత్వ తరంగాలుగా, అంటే స్థలంలోనే పుట్టిన అలలుగా, వెళ్లిపోయింది, 130 కోట్ల ఏళ్లు ప్రయాణించి అమెరికాలో ఈ అలలను పట్టే రెండు లైగో కేంద్రాలను చేరింది. అక్కడి నాలుగు కిలోమీటర్ల గొట్టం పొడవు ప్రోటాన్ వ్యాసంలో కొన్ని వందల వంతుల్లో ఒక వంతే మారింది, దాన్నే కొలిచారు. కలిసిన తర్వాత కొత్త బ్లాక్ హోల్ కాసేపు కంపించి స్థిమితపడుతుంది, ఆ కంపనం ఎలా ఉండాలో 1970లోనే లెక్కేసి చూపించింది బెంగళూరుకు చెందిన భౌతిక శాస్త్రవేత్త సి.వి. విశ్వేశ్వర. ఇంకో లైగో మన దగ్గరే వస్తోంది. నిజామాబాద్ సరిహద్దు దాటితే నాందేడ్, దాని పక్క జిల్లా హింగోలిలో, ఔంఢా నాగనాథ్ దగ్గర. 2023 ఏప్రిల్‌లో కేంద్రం 2,600 కోట్లు మంజూరు చేసింది.

ఎం87లో ఉన్నంతవి ఎలా పుట్టాయన్నదానికి ఇంకా పూర్తి జవాబు లేదు. చిన్నవి తింటూ, కలుస్తూ పెరిగాయంటే సరిపోవాలి, కానీ సమయం చాలడం లేదు. విశ్వం వయసు 67 కోట్ల ఏళ్లే ఉన్నప్పుడు 160 కోట్ల సూర్యుల బరువున్న బ్లాక్ హోల్ ఒకటి దొరికింది. అందుకే తొలి విశ్వంలో పెద్ద వాయుమేఘాలు మామూలు నక్షత్రాల దశను దాటేసి నేరుగా పదివేల, లక్ష సూర్యుల బరువుతో కూలాయన్న ఆలోచనకు నేను మొగ్గు చూపుతాను. అది వినడానికి వింతగా ఉన్నా భౌతికంగా కష్టం కాదు. వ్యాసార్థం బరువుతో పాటు పెరుగుతుందని చూశాం, కాబట్టి ఘనపరిమాణం ఇంకా వేగంగా పెరుగుతుంది. ఎం87 బ్లాక్ హోల్ బరువుని దాని హొరైజన్ గోళం మీద పంచితే వచ్చే సాంద్రత మన గాలి కంటే తక్కువ. బ్లాక్ హోల్ అంటే నలిపేసిన పదార్థమే అవ్వాలని లేదు, చోటుకి మించిన బరువు చేరితే చాలు.

చివరి ప్రశ్న, లోపల. పది సూర్యుల బ్లాక్ హోల్‌లోకి మనిషి పడితే హొరైజన్ చేరకముందే చీలిపోతాడు, ఎందుకంటే తలకీ కాళ్లకీ మధ్య ఆకర్షణ తేడా భూమి ఆకర్షణకి కోట్ల రెట్లుంటుంది. మన పాలపుంత మధ్యలోని దాంట్లో అయితే హొరైజన్ దగ్గర ఆ తేడా భూమి ఆకర్షణలో పదివేలో వంతే, ఏమీ తెలియకుండా దాటేస్తాడు. దాటాక లోపలి వైపు అనేది ఒక దిక్కుగా ఉండదు, రేపు లాగా అవుతుంది, ఎటు తిరిగినా అటే. రాకెట్ వేసుకుని ఎంత తంటాలు పడ్డా ఒక నిమిషం పైచిలుకులో చివరికి చేరతాడు. ఆ చివరను సింగ్యులారిటీ అంటాం, అక్కడ సమీకరణాల్లో అనంతం వస్తుంది. అనంతం వచ్చిందంటే అక్కడ నిజంగా అనంత సాంద్రత ఉందని కాకుండా, మన సిద్ధాంతం అక్కడికి పనికిరాదని తీసుకోవాలి, గురుత్వాన్నీ క్వాంటమ్ నియమాలనీ కలిపే లెక్క కావాలి, అది ఇంకా పూర్తి కాలేదు. మరి కాంతే రానప్పుడు ఆకర్షణ బయటికి ఎలా వస్తోందంటే, లోపలి నుంచి ఏమీ రావడం లేదు. నక్షత్రం కూలకముందే చుట్టూ స్థలం వంగి ఉంది, ఆ వంపు అలాగే ఉండిపోయింది, దాన్ని పట్టి ఉంచడానికి లోపలి నుంచి కబురేదీ అక్కర్లేదు.

బ్లాక్ హోల్‌కి చావుందా అని కూడా కింద రాశారు. ఉంది, కాగితం మీద. 1974లో హాకింగ్ చూపించినదాని ప్రకారం వాటికి చాలా స్వల్పమైన ఉష్ణోగ్రత ఉంటుంది, బరువు ఎక్కువైతే ఉష్ణోగ్రత తక్కువ. సూర్యుడంత బరువున్నదానికి అది కెల్విన్‌లో కోటిన్నరో వంతు కూడా ఉండదు, పూర్తిగా ఆవిరి కావడానికి పట్టే కాలం ఏళ్లలో చెప్పాలంటే 1 పక్కన 67 సున్నాలు. ఇప్పుడు విశ్వమంతా నిండి ఉన్న మైక్రోవేవ్ కాంతి ఉష్ణోగ్రత 2.7 కెల్విన్, అంటే ఏ వాయువూ తగలని ఒంటరి బ్లాక్ హోల్ కూడా తను వదిలేదానికంటే ఆ కాంతి నుంచి తీసుకునేదే ఎక్కువ. కాబట్టి నక్షత్రాల నుంచి పుట్టిన ఏ బ్లాక్ హోలూ ఇంకా తగ్గడం మొదలుపెట్టలేదు, అన్నీ కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉన్నాయి.